ఎకరం చెల్కలో పట్టని ఓడ

మనూరు పోయే తోవలో మా నాయన నాకు రాసిచ్చిన, వానకు పండే చెల్క ఎకరం. అంటే నలభై గుంటలు. పొడవు ఎనిమిది గుంటలు, వెడల్పు ఐదు. గుంట భుజం ముప్పై మూడు అడుగులు కాబట్టి, అడుగుల్లో చెప్పాలంటే పొడవు రెండు వందల అరవై నాలుగు, వెడల్పు నూట అరవై ఐదు. ఈ అంకెలు నాకు పదేళ్ల వయసు నుంచి కంఠతా వచ్చు. వచ్చి కూడా 1979 మే నెలలో మూడు వారాలు అవి నాకు గుర్తుకు రాలేదు. ఆ మూడు వారాల్లో చివరి రెండు, ఒక మనిషి సరిగా తిండి తినలేదు. కారణంలో సగం నేను.

నారాయణఖేడ్ ఆడపిల్లల బడిలో నేను లెక్కలు చెప్పేదాన్ని. మా ఆయన పోస్టాఫీసులో గుమస్తా. ఇద్దరం సముద్రం చూసినవాళ్లం కాదు. 1974 ఆగస్టులో ఆయన పన్ను పీకించుకోవడానికి హైదరాబాదు పోయి, పన్నుతోనే తిరిగొచ్చారు. చంకలో మాత్రం అట్టలేని పెద్ద పుస్తకం ఒకటి. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి అమ్మేవాడి దగ్గర కొన్నారట. పుట పుటకూ యుద్ధ ఓడలు. పొగ వదులుతున్నవి, పక్కకు ఒరిగినవి, సముద్రం మధ్య ఒంటరిగా నిలబడ్డవి.

"పన్నేదండి?" అన్నాను.

"అది యాడికి పోతది? నోట్లనే ఉంటది. గీ పుస్తకం మల్ల దొరుకుతదా?"

ఆ రోజు నుంచి మా ఇంట్లోకి సముద్రం వచ్చింది. నల్లా రెండు రోజులకొకసారి వచ్చే కాలం. నేను బిందెలు నింపుతుంటే ఆయన గడప మీద కూర్చుని సముద్రాల లోతులు చదివేవారు. రూళ్ల పుస్తకంలో ఒక్కో ఓడకు ఒక్కో పేజీ కేటాయించారు. పొడవు, వెడల్పు, ఫిరంగులు, ఏ యుద్ధంలో పనిచేసింది, ఎట్లా పోయింది. 1979 నాటికి అవి నూట పన్నెండు పేజీలయ్యాయి. పేజీల నంబర్లు వేసింది నేనే. బజారుకు పోతుంటే నడుమ ఆగి, "ఇప్పుడు మనం ఓడ ముక్కు కాడ ఉన్నం. బస్టాండు కాడ దాని తోక" అనేవారు. నేను నవ్వేదాన్ని. కానీ కూరగాయలు కొనుక్కుని తిరిగొస్తుంటే కాళ్ల కింద నేల మెల్లగా ఊగుతున్నట్టే ఉండేది. ఎర్రటి దుమ్ము కూడా ఎండలో నీళ్లలాగే మెరుస్తుంది. అది నాకు అప్పుడే తెలిసింది.

ఆయనకు జతగాడు ఒకరు దొరికారు. భూముల కొలత ఆఫీసులో ముప్పై ఏళ్లు గొలుసు లాగి రిటైరైన మనిషి. ఊర్లో అందరూ ఆయన్ను గొలుసాయన అనేవారు. ఆయనకు మొదటి ప్రపంచ యుద్ధం ఓడలంటే ప్రాణం. బొగ్గుతో నడిచేవి, నాలుగేసి పొగగొట్టాలవి. మా ఆయనకు రెండో యుద్ధానివి. ఆదివారం పొద్దున చాయ్ తాగుతూ ఇద్దరూ కొట్లాడుకునేవారు.

"నీయన్నీ రేకు డబ్బలు, పోస్టు సారూ."

"నీయన్నీ బొగ్గుల పొయ్యిలు. వంట చేస్కోనీకి పనికొస్తయ్."

"వదినె, నువ్వు చెప్పు. నాలుగు పొగగొట్టాలుంటే ఎంత కళ!"

"పొగ ఎవరి కండ్లల పడ్తదో ఆమెనడగు" అనేదాన్ని నేను, పొయ్యి ముందు నుంచి.

మేం కాక అని పిలిచే మనిషి మా ఇంటికి వచ్చింది 1978 నవంబరులో. కంగ్టి దిక్కు, కన్నడ హద్దున, తండా పక్క ఊరు ఆయనది. యాభై ఆరేళ్లుంటాయి. ఎండుకట్టెలాంటి మనిషి. హోటల్లో ఈ ఇద్దరి మాటలు విని వెనకాలే నడిచొచ్చి, మా గుమ్మంలో నిలబడ్డాడు.

"సార్, గా ఓడల బొమ్మలు నాకొకసారి సూపిస్తరా? నేను దాని మీద రొట్టెలు చేసిన."

పడుచుతనంలో బొంబాయికి కూలికి పోయి, అక్కడి నుంచి రెండో యుద్ధంలో ఓడ మీద వంటమనిషిగా చేరాడట. ఊర్లో ఎవరూ నమ్మలేదు. నీళ్లు దొరకని ఊరివాడు ఓడెక్కాడంటే ఎవరు నమ్ముతారు? మా ఆయన నమ్మారు. పుస్తకం తీసి ఒక్కో పుట తిప్పారు. అరవై ఏడో పుట దగ్గర కాక వేలు ఆగింది. మడత విప్పితే పొడుగ్గా పరుచుకునే నక్షా అది. ఓడ లోపలి గదులన్నీ గీసి ఉన్నాయి. పొడవు మూడు వందల ముప్పై అడుగులు. "ఇదే. లేకుంటే దీని అక్కసెల్లెలు" అన్నాడు కాక.

తర్వాత నాలుగైదు ఆదివారాలకు గానీ మిగతా సంగతి చెప్పలేదు. ఆ ఓడ మీద ఆయనతో పాటు బీదర్ దిక్కు పిల్లగాడొకడు పనిచేసేవాడు. ఇద్దరూ ఒకే కంచంలో తిని పెరిగినవాళ్లలాగ ఉండేవారు. ఓడకు దెబ్బ తగిలిన రోజు వాడు జ్వరంతో ముందు వైపు, కింది గదిలో పడుకుని ఉన్నాడు. కాక వెనక వైపు వంటగదిలో ఉన్నాడు. చిన్నప్పుడు గొర్లు కాసేటప్పుడు లెక్కపెట్టడం అలవాటు. భయమైతే ఇప్పటికీ లెక్కపెడతాడు. అది కూడా కన్నడంలో. దెబ్బ తగిలిన క్షణం నుంచి వంటగది తలుపు పట్టుకుని లెక్కపెట్టాడు. నూట ఇరవై అనేసరికి నీళ్లు మోకాళ్లకొచ్చాయి. దూకేశాడు.

"పోవాలనుకున్న. కాళ్లు కదల్లే" అన్నాడు. "శాన దూరముండె టీచరమ్మా. గా కొస నుంచి గీ కొసకు. పోతే తిరిగి రాకపోతుంటి."

ఆ మాటే ప్రతి ఏడూ ఆ పిల్లగాడి తల్లికి చెప్తూ వచ్చాడు. మిరుగం కార్తెకు ముందు, విత్తనాల పని మొదలుకాకముందు, హద్దు దాటి ఆమె ఊరికి పోయేవాడు. ముప్పై ఏళ్లకు పైగా ఒక్క ఏడూ తప్పలేదు. ముసలామె ముందు కూర్చుని, "దూరముండెనవ్వా" అనడం, ఆమె తలూపి జొన్నరొట్టె పెట్టడం, తిని రావడం. అంతే.

ఓడను నేల మీద గీద్దామని మొదట అన్నది గొలుసాయన. "కాగితం మీద చూసి ఏం తెలుస్తది? నేల మీద గీస్తే లోపల తిరగొచ్చు" అన్నాడు. మా ఆయనకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చెల్క ఎండాకాలం ఖాళీగానే ఉంది. మే 6, ఆదివారం పొద్దున ఐదున్నరకు ముగ్గురం పోయాం.

పని ఇట్లా పంచుకున్నాం. నక్షాలోని అడుగులను మా ఆయన గొలుసుల్లోకి మార్చి చీటీ మీద రాస్తారు. గొలుసాయన తన ఇత్తడి పిడుల గొలుసు పరిచి మేకులు కొడతాడు. ఆయనకు అడుగులతో పని లేదు. గొలుసులు, గొలుసులో పదహారో వంతుకు అణా అని పేరు, అంతే. మేకుల మధ్య తాడు కడితే, తాడు వెంట నేను ముగ్గు పోస్తాను. చుక్కలు, మెలికలు నాకు చేతకావు. తిన్నటి గీత మాత్రం పోస్తాను. లెక్క తప్పకుండా చూడటం కూడా నా పనే.

మా ఆయన చీటీ చూపించారు. బడి పుస్తకాల్లో గొలుసంటే ఇరవై రెండు గజాలు, అరవై ఆరు అడుగులు. మూడు వందల ముప్పైని అరవై ఆరుతో భాగిస్తే ఐదు. వంటగది నుంచి పడక గదికి నూట ఇరవై అడుగులు, అంటే ఒక గొలుసు పదమూడు అణాలు. భాగహారం చూశాను. తప్పు లేదు. మూలకు టిక్కు పెట్టాను. ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. టిక్కు కూడా.

వారం రోజులు పొద్దున పొద్దున పోయాం. ఎండ ఎక్కేలోపల వచ్చేసేవాళ్లం. జొన్న మోళ్ల మధ్య తెల్లటి ఓడ కొంచెం కొంచెం పుట్టింది. ముక్కు, నడుము, ఫిరంగి తిరిగే గుండ్రాలు, బొగ్గు కాదు నూనె అని మా ఆయన పట్టుబట్టిన ఇంజను గది. తెల్లవారు గాలికి ముగ్గు సన్నగా లేచేది, నీళ్ల నురగలాగ. గదులకు గోడలు లేవు, అయినా మేమెవరం గీత తొక్కలేదు. తలుపు విడిచిన చోటు నుంచే పోయేవాళ్లం. ఒకరోజు నేను మరిచి గోడలోంచి నడిస్తే, "ఏంది వదినె, ఇనుములకెళ్లి పోతున్నవ్?" అని గొలుసాయన అరిచాడు. నిజంగానే భుజం తడుముకున్నాను. కొంగలు రెండు పైనుంచి పోయాయి. కింద వాటికి ఏం కనిపించిందో.

మే 13, ఆదివారం కాకను లోపలికి పిలిచాం. చెప్పులు విడిచి వచ్చాడు. వంటగది గీతల మధ్య నిలబడి చుట్టూ చూశాడు.

"సిన్నగున్నది సార్" అన్నాడు.

"ముప్పై ఆరేండ్లాయె కాకా" అన్నారు మా ఆయన. "యాదిల అన్నీ పెద్దగైతయ్."

కాక తలూపాడు. చదువుకున్నవాళ్లు చెప్పారు, పుస్తకంలో ఉంది, టీచరమ్మ లెక్క చూసింది. తలుపు దగ్గరకొచ్చి, ఎవరూ చెప్పకుండానే నడవడం మొదలుపెట్టాడు. ఒందు, ఎరడు, మూరు. అంగకొక అంకె. పడక గది గీత దగ్గరకు పోయేసరికి ముప్పై. మెట్లు దిగడానికి పది, ఎక్కడానికి పది, నిలబడే లెక్కపెట్టాడు. తిరిగి నడిచి వంటగది తలుపు దగ్గర ఆగేసరికి ఎనభై.

మాలో ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. ఆయనకు అయింది.

"నూట ఇరవైకి ఇంక నలభై ఉండె" అన్నాడు.

"మోసుకొని నడిస్తే ఎక్కువ పడ్తది కాకా" అన్నారు మా ఆయన గబగబా.

"వాడు బక్కోడు సార్. నా అంత గూడ లేకుండె."

చెప్పులు వేసుకుని పోయాడు. తర్వాతి ఆదివారం రాలేదు. ఆ తర్వాతి బుధవారం కంగ్టి నుంచి వచ్చినవాళ్లు చెప్పారు, కాక ఇంట్లోంచి బయటికి రావడం లేదట, రొట్టె ముందర పెడితే అట్లనే ఉంటున్నదట, ఈసారి బీదర్ దిక్కు పోనంటున్నాడట. మా ఆయన రూళ్ల పుస్తకం తెరవడం మానేశారు. ఓడ మాత్రం చెల్కలో ఉంది. ఎవరూ దాని దగ్గరికి పోలేదు.

మే 27 పొద్దున పక్క చెల్క రైతు మా ఇంటికొచ్చాడు. వాకిట్లోనే నిలబడి అడిగాడు.

"టీచరమ్మా, మీ ఓడ ఐదు గుంటలే పట్టింది. మిగిలిన మూడు గుంటల పొడుగుల నా ఎడ్లు కట్టుకోనా? నీడుంది ఆడ."

"కట్టుకో" అన్నాను. ఆయన మూల తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. చేతిలో చాట ఉంది.

ఐదు గుంటలు. ఐదు ముప్పై మూళ్లు నూట అరవై ఐదు.

ఓడ మూడు వందల ముప్పై అడుగులు. నా చెల్క పొడవే రెండు వందల అరవై నాలుగు. మూల నుంచి మూలకు కొలిచినా మూడు వందల పదకొండు. ఆ ఓడ నా చెల్కలో ఎట్లా పట్టింది? పట్టడమే కాదు, ఇంకా మూడు గుంటలు ఎట్లా మిగిలింది?

చాట దించి, బడి నుంచి తెచ్చిన అడుగు బద్ద తీసుకుని గొలుసాయన ఇంటికి పోయాను. "అన్నా, నీ గొలుసు ఎన్నడుగులు?"

"గొలుసంటే గుంటనే కదా వదినె."

వాకిట్లో పరిపించాను. మోకాళ్ల మీద కూర్చుని బద్దతో కొలిచాను. ముప్పై మూడు. మా ఆయన పుస్తకాల గొలుసులో సరిగ్గా సగం. భాగహారం సరే, గొలుసు సరే. రెంటి మధ్య ఎవరూ అడగలేదు. ఓడ నిలువునా, అడ్డంగా, గది గదికి సగమైపోయింది. అన్నీ ఒకేతీరుగా సగమయ్యాయి కాబట్టి ఆకారం ఎక్కడా చెడలేదు. చిన్నగుందని చెప్పింది ఒక్క కాక. ఆ మాటను మేమే కొట్టేశాం.

గొలుసాయన గొలుసు పక్కనే కూలబడ్డాడు. "ముప్పై ఏండ్లు లాగిన వదినె. ఒక్క రైతుకు ఒక్క అణా తప్పు కొలువలే."

"నువ్వు తప్పు కొలువలే" అన్నాను. "టిక్కు పెట్టింది నేను."

మర్నాడు మా ఆయన సెలవు పెట్టారు. మొదటి బస్సుకు ఇద్దరం పోయాం. గొలుసును సంచిలో వేసుకుని, అడుగు బద్దను చేతిలో పట్టుకుని నేను. కాక నులక మంచం మీద గోడకు తిరిగి పడుకుని ఉన్నాడు. చెప్పాను. ఒక్కో అంకె చెప్పాను. ఆయన తిరగలేదు.

"అప్పుడు గూడ లెక్క సరిగుందంటిరి" అన్నాడు గోడతోనే. "ఇప్పుడు నేను పరేషానైతున్నని మార్చిన్రు."

 మంచి మనసుతో లెక్క మార్చేవాళ్లను నేను ఎరుగుదును. మార్కులు కలిపి పిల్లలను గట్టెక్కించే టీచర్లు మా బడిలోనే ఉన్నారు. గొలుసు తీసి ఆయన వాకిట్లో పరిచాను. బద్దను మంచం మీద, ఆయన చెయ్యి పక్కన పెట్టాను.

"నేను కొలువను కాకా. సారు గూడ కొలువడు. నువ్వే కొలువు. ఎంతొస్తే అంతే. తక్కువొస్తే తక్కువనే రాస్త."

 ఎండ గడప ఎక్కింది. కాక లేచి, వంగి, బద్దను గొలుసు పక్కన పెట్టాడు. ఒందు, ఎరడు, మూరు. ముప్పై మూడు దగ్గర పిడి తగిలింది. మళ్లీ ఆ కొస నుంచి ఈ కొసకు కొలిచాడు. ముప్పై మూడే.

"సిన్నగున్నదని నేను చెప్పలే?" అన్నాడు. మా ఆయన వైపు చూసి అన్నాడు. అది కోపమే, కానీ ప్రాణమున్న కోపం.

ఓడను తిరిగి గీయడానికి ఐదు రోజులు పట్టింది. ఈసారి పది గొలుసులు. నా చెల్క దాటి అరవై ఆరు అడుగులు పక్క చెల్కలోకి పోవాలి. ఎడ్ల రైతు దగ్గరికి పోయాం.

"మీ ఓడ ముక్కు నా చెల్కల పెడ్తరా? నా ఎడ్లు బెదరవా?"

"గొడ్లకేం తెల్సయ్య, ముగ్గేగా" అన్నాడు గొలుసాయన.

"అట్లయితే పెట్టుకోన్రి. మిరుగం పడంగనే దున్నుత. ఓడని సూడ, ఏం సూడ."

జూన్ 3, ఆదివారం. తూర్పున మబ్బు పట్టి ఉంది. గాలిలో తడి. కాక చెప్పులు విడిచి వంటగదిలోకి వచ్చాడు. చుట్టూ చూశాడు. ఈసారి చిన్నగుందనలేదు. గాలిలో చెయ్యి చాపి, పొయ్యి ఉండవలసిన చోట ఒకసారి తట్టాడు.

తలుపు నుంచి నడిచాడు. ఎంత పెద్ద ఓడ! అది నాకు అప్పుడే తెలిసింది. ఆయన పోతుంటే చిన్నగైపోయాడు. నా హద్దు దాటి, పక్క చెల్కలోకి పోయి, పడక గది గీత దగ్గర ఆగేసరికి అరవై. దిగడానికి పది. అక్కడ నిలబడి ఆయన కొంచెం వంగాడు, ఎవరినో భుజానికి ఎత్తుకుంటున్నట్టు. ఎక్కడానికి పది. తిరిగొస్తుంటే అడుగు బరువుగా పడింది. అది చూసి నేను చూపు తిప్పుకున్నాను. అంకెలు మాత్రం వినిపిస్తూనే ఉన్నాయి. నూట ఇరవై దగ్గర ఆగిపోయాయి.

వంటగది తలుపుకు ఇంకా నలభై అడుగులుంది. ఇరవై అంగలు.

కాక నిలబడిన చోట ఏమీ లేదు. నక్షాలో అది ఒట్టి నడవా. నేల మీద జొన్న మోళ్లు, ఒక చీమల పుట్ట. అక్కడే కూర్చున్నాడు. మేం దగ్గరికి పోయాం.

"అంటే నీళ్లొచ్చెటప్పటికి ఇద్దరం ఇక్కడ్నే ఉండేటోళ్లం" అన్నాడు.

 గాలికి ముగ్గు ఆయన కాళ్ల మీదికి లేచింది. నేను నా పుస్తకంలో రాయబోయి, పెన్ను మూసేశాను. కాళ్లు కదలలేదన్న సంగతి ఏ గొలుసుకూ అందదు. అది ఆయనతోనే ఉంటుందని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. కానీ అవ్వకు చెప్పిన మాట నిజమే. దూరముండె.

కొంతసేపటికి కాక లేచి దుమ్ము దులుపుకున్నాడు. "సార్, కప్తాన్ కమ్ర ఏది? రెండేండ్లు రొట్టెలు పంపిన. ఒక్కనాడు లోపలికి రానియ్యలే."

మా ఆయన ముందు నడిచి చూపించారు. తలుపు విడిచిన చోట కాక ఒక క్షణం ఆగాడు, అడిగి పోవాలేమోనన్నట్టు. తర్వాత లోపలికి పోయి, నడిమిట్లో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. నేను తెచ్చిన సద్ది విప్పాను. రెండు రొట్టెలు తిన్నాడు. మూడోది అడిగాడు.

"రొట్టె మందమైంది టీచరమ్మా. ఓడ మీదైతే సముద్రంల పారేద్దురు."

"పారెయ్యి మరి. సముద్రం నీ ఎనకనే ఉన్నది" అన్నాడు గొలుసాయన.

మంగళవారం కాక బీదర్ దిక్కు బస్సెక్కాడు. మా ఆయన బస్టాండుకు పోయి సాగనంపి వచ్చారు. గురువారం సాయంత్రం మొదటి వాన పడింది. నేను గొడుగు తీసుకుని చెల్కకు పోయాను. ఎందుకు పోయానో చెప్పలేను. ముగ్గు కరిగి పాలలాగ మోళ్ల మధ్య పారుతోంది. ముక్కు పోయింది, నడుము పోయింది. వంటగది ఒక్కటే కొంచెంసేపు నిలిచింది. నారాయణఖేడ్‌లో నీళ్ల మధ్య ఓడను చూసినదాన్ని నేనొక్కదాన్నే.